టెంట్‌హౌస్ రివ్యూ: ఒకసారి గృహ ప్రతిష్ఠకు, ఒకసారి మా నాయిన పోయినప్పుడు

ఐదుకు నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్కటీ మైకుసెట్టు ఎకో వల్ల, అంటే అన్న మాటే మళ్లీ మళ్లీ మోగడం వల్ల. కుర్చీలు, టెంటు, లైట్లు, టైముకు రావడం, పనివాళ్ల మాట తీరు, వీటిలో దేనికీ పెద్ద వంక పెట్టను. ఎకో సంగతి మాత్రం కాస్త పొడుగ్గానే చెప్పాలి.

షాపు పేరు రాయడం లేదు. ఓనరే వద్దన్నాడు, నేను తమ్మీ అని పిలుస్తాను అతన్ని. "అక్కా, ఇప్పటికే ఆదివారాలు ఖాళీ ఉంటలెవ్వు. నువ్వు రాస్తే నాకు నిద్ర గూడ ఉండదు" అన్నాడు. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో మా మండల కేంద్రం, బస్టాండుకు ఎదురుగా పంక్చర్ షాపును ఆనుకొని రేకుల షెడ్డు. బయట గంగాళాలు బోర్లించి ఉంటాయి. అదే.

నేను నల్లగొండలో బట్టలు కుడతాను. అందుకే టెంట్‌హౌస్‌కు పోయినా నా కళ్లు ముందు గుడ్డ మీదే పడతాయి. ఇక్కడి పరదాలకు అంచు రెండు వరుసల కుట్టు. తాడు లాగే మూలల్లో లోపలి వైపు ఇంకో మడత పెట్టి కుట్టించారు. చిరిగిన చోట అదే రంగు గుడ్డతో మాటు వేశారు, దగ్గరికి పోతే గాని తెలియదు. ఎర్ర చారల మీద నీలం ముక్క అతికించే టెంట్‌హౌస్‌లను ఎన్ని చూడలేదు మనం! ఒక్క పరదాకు మాత్రం కొసన దారం ఊడుతుంటే చూపించాను. "నీ మిషన్ మీద ఒక కుట్టు ఏసియ్యరాదక్కా" అని నవ్వాడు.

ఇతన్ని మేము మొదట పిలిచింది పోయిన ఏడు ఫిబ్రవరిలో, మా నాయిన కట్టిన ఇంటి గృహ ప్రతిష్ఠకు, అంటే కొత్త ఇంటి ప్రార్థన కూడికకు. ఆ ఇంటి వెనక కథ తెలియకపోతే నా గొడవ అర్థం కాదు.

మాకు మూడెకరాల బత్తాయి తోట. ఇప్పుడున్నది రెండో తోట. మొదటిది 2002 కరువుకు ఎండిపోయింది. ఆ ఏడు నాయిన నాలుగు బోర్లు వేయించాడు. నాలుగోదానికి నేనూ అక్కడే ఉన్నాను, తొమ్మిదో తరగతి చదువుతున్నాను. రాత్రంతా రిగ్గు మోగింది. మూడు వందల అడుగులు దాటినా తెల్లటి దుమ్మే లేచింది. ఇంటికి వచ్చి చూసుకుంటే అందరి కనుబొమలూ ముసలివాళ్లవిలా తెల్లగా ఉన్నాయి. రిగ్గు మేస్త్రి "ఇగ ఆపమంటవా అన్నా?" అని అడిగాడు. నాయిన తలకు కట్టిన తువ్వాల విప్పి ముఖం తుడుచుకొని "స్తోత్రం" అన్నాడు. మేము క్రైస్తవులం, దేవునికి కృతజ్ఞత చెప్పే మాట అది. అది మేస్త్రికి జవాబో, దేవునితో అన్న మాటో ఎవరికీ తెలియలేదు. పాపం మేస్త్రి సరేననుకొని ఇంకో ఇరవై అడుగులు దింపాడు. ఆ ఇరవై అడుగులకూ పైసలు కట్టాం.

నాకప్పుడు ఒళ్లు మండింది. అప్పు పుట్టింది గాని నీళ్లు పుట్టలేదు, ఇందులో స్తోత్రం చెప్పేందుకు ఏముంది? ఆ మాట నాయినకు ఊతపదం అనుకునేదాన్ని. పాలు పొంగినా స్తోత్రమే, బస్సు తప్పినా స్తోత్రమే. ఊతపదం కాదని తెలిసింది కూడా ఆ ఏడే. ఎండిన చెట్లను కట్టెలకు అమ్మితే, ట్రాక్టరు నింపుకొని పోయిన రోజు ఆయన ఆ మాట అనలేదు. మూడు ఆదివారాలు చర్చికి రాలేదు. అమ్మ ఎందుకని అడగలేదు. అప్పటి ముసలి పాస్టరయ్య ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చొని, టీ తాగి, వానల గురించి కూడా ఏమీ అనకుండా లేచి పోయారు. నాలుగో ఆదివారం నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకొని తనే వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. పాట సగంలో పెదాలు కదిలాయి. అంతే.

మళ్లీ మొక్కలు పెట్టి, వాటికి బిందెలతో నీళ్లు మోసి, కాపు చేతికొచ్చి, అప్పు తీరి, నా పెళ్లి చేసి, తమ్ముణ్ని చదివించి స్లాబు వేసే సరికి ఇరవై ఏళ్లు పట్టింది. కాబట్టి గృహ ప్రతిష్ఠ అంటే మాకు చిన్న సంగతి కాదు. నాయిన ఊరందరినీ పిలిచాడు.

టెంటు వాళ్లు ఆరు గంటలకు వస్తామని ఐదున్నరకే వచ్చారు. నలుగురు పిల్లలు గుంతలు తవ్వి గుంజలు పాతుతుంటే మా వీధి కుక్కలు కూడా ఇంకా లేవలేదు. 250 కుర్చీలు, చిన్న స్టేజీ, వంటకు డేగిసాలు, జనరేటర్. కుర్చీల్లో కాళ్లు ఊగేవి ఏరి ముందే పక్కన పెట్టారు, నాకది బాగా నచ్చింది. జనరేటర్ మాత్రం ఇంటికి మరీ దగ్గరగా పెట్టారు, డీజిల్ వాసన పెరుగన్నం దాకా వచ్చింది. జరపమంటే జరిపారు.

మైకుసెట్టుకు వస్తే నాలుగు పెద్ద బాక్సులు, రెండు కార్డ్‌లెస్ మైకులు, డోలక్ ముందు ఒక స్టాండు మైకు, కీబోర్డుకు విడిగా ఒక లైను. దద్దరిల్లింది. పక్క ఊళ్లో వినిపించిందట. మా పాటల బృందం హుషారు చెప్పక్కర్లేదు, చప్పట్లు కొట్టీ కొట్టీ మా చిన్నమ్మ గాజులు రెండు పగిలాయి. నేనూ పాడాను. పాడుతూనే పెరుగు చాలుతుందా, ఇంకో పది లీటర్లు తెప్పించాలా అని లెక్క వేసుకున్నాను. పాట అయ్యాక ఏ చరణం పాడావని ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

తర్వాత నాయిన సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం. ఆయనకు మైకు అలవాటు లేదు. కొడవలి పట్టినట్టు పట్టి, దూరంగా పెట్టుకున్నాడు. ఓనరు లేచి వచ్చి ఆ చేతిని మెల్లగా నోటి దగ్గరికి జరిపి పోయాడు. నాయిన రెండు నిమిషాలు మాట్లాడాడు. జనం మధ్య మధ్య "స్తోత్రం" అంటూనే ఉన్నారు. నేను ఆ టైముకు వంట దగ్గరే ఉన్నాను, వినలేదు. మా తమ్ముడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు కదా, నింపాదిగా చూద్దాంలే అనుకున్నాను.

వీడియో ఉంది. మాటలే లేవు. ఎకో అంత పెట్టారు. "దేవుడు ఇల్లిచ్చిండు" అన్నది చ్చిండు చ్చిండు చ్చిండు అని పోయి తర్వాతి మాట మీద పడుతుంది, ఆ మాట దాని తర్వాతి మాట మీద. బావిలోకి దిగి మాట్లాడినట్టు ఉంటుంది. మొదటి వాక్యం తెలుస్తుంది, చివర "స్తోత్రం" తెలుస్తుంది. నడుమ ఒక నిమిషం నలభై సెకన్లు ఏమన్నాడో తెలియదు. "బోరు ఎండిన నాడు గూడ స్తోత్రం చెప్పిన, ఇయ్యాల గూడ చెప్తున్న" అన్నాడని అమ్మ అంటుంది. తమ్ముడు ఒప్పుకోడు. "చెట్లు కొట్టేసిన నాడు చెప్పలేకపోయిన, అది గూడ ఇయ్యాల కలిపి చెప్తున్న" అన్నాడంటాడు. ఇద్దరూ ముందు వరుసలో పక్కపక్కనే కూర్చున్నారు మరి. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. "నాడు" అన్నది వినిపిస్తుంది. తర్వాత అంతా నాడు నాడు నాడు.

మన కూడికల్లో ఎకో లేకపోతే ఒప్పుకోరని నాకూ తెలుసు. "బ్రదర్, కొంచెం ఎకో పెంచండి" అని మైకులోనే అడుగుతారు పాడేవాళ్లు. గొంతులో జీర, శ్రుతి తప్పడం అన్నీ అందులో మునిగిపోతాయి. పాటకైతే సరే. సాక్ష్యానికీ వాక్యానికీ (అదే, ప్రసంగానికీ) తగ్గించాలి, సౌండు సరిచేసే మిక్సరు దగ్గర కూర్చున్న మనిషికి ఆ తేడా తెలియాలి. ఆ రోజు ఓనరు నాయిన చేతిని సరిచేసి, జనరేటర్‌లో డీజిల్ చూడ్డానికి పోయాడు. మిక్సరు దగ్గర ఒక ఇంటర్ పిల్లవాడు తన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నా స్టార్ అక్కడ పోయింది.

రెండోసారి పిలిచింది అక్టోబరులో. తెల్లవారుజామున నాయిన ఛాతీలో నొప్పి అన్నాడు, 108 వచ్చేలోపే అయిపోయింది. ఐదింటికి తమ్ముడు ఫోన్ చేస్తే టెంట్‌హౌస్ అతను రెండో రింగుకే ఎత్తాడు. అడ్వాన్సు మాట ఎత్తలేదు. "ఫ్రీజర్ బాక్స్ నల్లగొండ నుంచి రావాలె, రెండు గంటలు పడ్తది. అందాక ఐసు పంపిస్త" అన్నాడు. ఐసు అరగంటలో వచ్చింది, బాక్స్ రెండు గంటలు దాటి పావుగంటకు వచ్చింది.

రోజంతా వాన. టెంటు మీద నీళ్లు నిలిచి గుడ్డ కడుపులా కిందికి వేలాడింది. ఇద్దరు పిల్లలు కర్ర కొసకు పాత బట్ట చుట్టి, గుడ్డకు చిల్లు పడకుండా కింద నుంచి మెల్లగా ఎత్తి నీళ్లను ఒక పక్కకు దొర్లించారు. ఆ పూట నాకు ఎవరొచ్చారో ఎవరు పోయారో గుర్తు లేదు, ఆ కర్రకు చుట్టిన బట్ట మాత్రం గుర్తుంది. పెట్టె లోపల పరిచిన తెల్లగుడ్డ నేనే కుట్టాను, అమ్మ పాత మిషన్ మీద. దారం రెండుసార్లు తెగింది.

చూడవచ్చిన వాళ్లు అమ్మ చెయ్యి పట్టుకొని ఒకటే మాట. "ఏడవకక్కా, విశ్వాసులం మనం, అన్నిట్ల స్తుతించాలె." మంచి మనసుతో అన్న మాటే, కాదనను. పదో మనిషో పన్నెండో మనిషో అదే అన్నప్పుడు అమ్మ చెయ్యి విడిపించుకుంది. "యోబు గూడ ముందుగాల బట్టలు చింపుకున్నడు, గుండు చేయించుకున్నడు, అటెన్క మొక్కిండు. నన్ను గూడ కొంచెం చింపుకోనియ్యుండ్రి" అంది. మా అమ్మ చదివింది ఐదో తరగతి. తర్వాత నేను తెరిచి చూశాను. బైబిల్లో, పిల్లల్నీ ఆస్తినీ ఒక్క రోజే పోగొట్టుకున్న యోబు గ్రంథం మొదటి అధ్యాయం 20వ వచనం, అమ్మ చెప్పిన వరుస అదే. కూడికల్లో మనం ఎప్పుడూ ఎత్తుకునేది 21 నుంచి: "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను."

మైకు వద్దన్నాను మొదట. వాన చప్పుడుకు వినపడదమ్మా అన్నారు పాస్టరు గారు. సరేనని మిక్సరు దగ్గరికి పోయి, "ఎకో మొత్తం తీసెయ్యి తమ్మీ" అన్నాను.

"మొత్తమా అక్కా? గొంతు పచ్చిగ వస్తది."

"పచ్చిగనే రానియ్యి."

ఆ నాబ్‌ను సున్నా దాకా తిప్పి, ఇంకెవరూ ముట్టకుండా దాని మీద నల్ల టేపు ముక్క అతికించాడు. ఈసారి పిల్లవాణ్ని కూర్చోబెట్టలేదు. భూస్థాపనకు కదిలేదాకా తనే కూర్చున్నాడు.

పాస్టరు గారు (ఇప్పుడున్నాయన చిన్న వయసే) 34వ కీర్తన చదివారు, "నేనెల్లప్పుడు యెహోవాను సన్నుతించెదను". దాని పైన చిన్న అక్షరాల్లో ఉండే మాట కూడా చదివారు. రాజు దగ్గర దావీదు పిచ్చివాడిలా నటించి, అక్కడి నుంచి వెళ్లగొట్టబడ్డాక చెప్పిన కీర్తన అట అది. సమూయేలు మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో ఆ సంగతంతా ఉంది. ప్రాణభయంతో తలుపుల మీద గీతలు గీస్తూ, ఉమ్మి గడ్డం మీదికి కారనిస్తూ ఉన్నాడట. మా ఇంట్లో చర్చి క్యాలెండర్ మీద ఆ మొదటి వచనం గులాబీ పూల పక్కన ఉంటుంది. గడ్డం మీద ఉమ్మి బొమ్మ ఏ క్యాలెండర్ వాళ్లూ వేయరు.

పెట్టె లేపే ముందు అమ్మ పాట పాడతానంది. ఫిబ్రవరిలో అందరం చప్పట్లతో పాడిన పాటే. బృందంలో పిల్లలు ముఖాలు చూసుకున్నారు. డోలక్ అతను వేళ్లు ఆనించబోతే టెంట్‌హౌస్ తమ్ముడు అరచెయ్యి చూపించి ఆపాడు. ఇతను క్రైస్తవుడు కాదు, నుదుట బొట్టు ఉంటుంది. అదే షెడ్డు నుంచి బోనాలకూ పీర్ల పండుగకూ క్రిస్మస్‌కూ సామాను పోతుంది. "ఇరవై ఏండ్ల సంది మీ పాటలు వినీ వినీ, మీ పిల్లల కంటె నాకే ఎక్కువొచ్చు" అంటుంటాడు. ఎక్కడ వాయించకూడదో కూడా వచ్చునని ఆ రోజు చూశాను.

అమ్మ ఒక్కతే పాడింది. ఎకో లేని మైకులో అన్నీ వినిపిస్తాయి. ఊపిరి పీల్చడం, గొంతు పట్టేయడం, మింగడం, టెంటు మీద వాన. రెండో చరణం గుర్తు రాక మొదటిదే మళ్లీ ఎత్తుకుంది. "స్తోత్రం" అన్న చోట గొంతు తిరగలేదు, మాటగా అనేసింది. ఏ పదం తర్వాత ఎంతసేపు ఆగిందో కూడా నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను పాడలేదు. పెదాలు కూడా కదల్చలేదు.

మూడో రోజు ఆదరణ కూడికకు 100 కుర్చీలు, అదే మైకు. ఆ రోజు పాస్టరు గారు ఒక పోలిక చెప్పారు. బత్తాయికి పూత రావాలంటే కొన్నాళ్లు నీళ్లు ఆపి బెట్టకు పెడతాం కదా, ఆకు వాడాక తడి ఇస్తే విరగబూస్తుంది, దేవుడు మనల్నీ అలాగే చేస్తాడని. రైతులు తలలూపారు. నాకు మింగుడు పడలేదు. కూడిక అయ్యాక టీ ఇస్తూ ఆయనతోనే అన్నాను: "బెట్టకు పెట్టినోళ్లు మళ్లా తడి ఇస్తరయ్యా. 2002ల మా చెట్లకు ఎవరిచ్చిండ్రు? నాయిన మళ్లా వస్తడా?" ఆయన కోపం తెచ్చుకోలేదు. గ్లాసు పట్టుకొని కాసేపు ఊరుకొని, "నిజమేనమ్మా, ఆ పోలిక సగం దూరమే వస్తది" అన్నారు. బైబిల్ తీసి హబక్కూకు మూడో అధ్యాయం చివర చూపించారు. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలో పైరు పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా నేను యెహోవాలో ఆనందిస్తానంటాడు ప్రవక్త. తర్వాత చెట్లు పూశాయని ఎక్కడా లేదు. పుస్తకం అక్కడితో అయిపోతుంది. చిట్టచివర ఉన్నదల్లా ప్రధాన గాయకుడికి ఒక సూచన, తంతివాద్యాలతో పాడమని.

పక్కనే కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్న టెంట్‌హౌస్ తమ్ముడికి అది వినపడింది. "అంటే ఆ కాలంల గూడ సౌండోళ్లకు చీటీ రాసిచ్చెటోళ్లన్నట్టు" అన్నాడు. ఆగి, "ఎకో సంగతి ఏమన్న రాసిండా అయ్యా?" అన్నాడు. పాస్టరు గారు నవ్వారు. నాయిన పోయాక మా ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి, అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

రేట్లు చెప్తాను, చాలామందికి కావలసింది అదే. ఫిబ్రవరిలో కుర్చీకి 8 రూపాయలు, టెంటు స్టేజీ కలిపి 4,500, మైకుసెట్టు 4,000, జనరేటర్ 2,500, డీజిల్ మనదే, డేగిసాలు 1,500. అక్టోబరులో మైకుకు పైసలు తీసుకోలేదని రాస్తాననుకుంటున్నారేమో, తీసుకున్నాడు. రెండు రోజులకూ కలిపి 3,000. లెక్క మాత్రం వారం ఆగి, అమ్మ ముందు కాకుండా తమ్ముణ్ని షెడ్డుకు పిలిచి చెప్పాడు. ఒక గొడవ ఉంది: మూడు కుర్చీలు విరిగాయని డబ్బు పట్టుకున్నాడు, మా లెక్కకు రెండే. మీరు పిలిస్తే దించేటప్పుడూ ఎక్కించేటప్పుడూ దగ్గరుండి లెక్కపెట్టుకోండి. పెళ్లిళ్ల నెలల్లో నెల ముందే చెప్పాలి. సాక్ష్యాలు, వాక్యం ఉన్న కూడిక అయితే మిక్సరు దగ్గర ఓనరే కూర్చోవాలని అడ్వాన్సు ఇచ్చే రోజే గట్టిగా అడగండి.

వచ్చే నెల నాయిన పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడికకు 150 కుర్చీలు చెప్పి, వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. జనరేటర్ వద్దన్నాను. రసీదు రాస్తూ అతనే తలెత్తి అడిగాడు: "ఎకో పెట్టాల్నా అక్కా, వద్దా?"

అమ్మను అడిగి చెప్తానన్నాను.